ఒక్క గుండీ తేడా

"ఉప్పు తక్కువైందని చెప్పమ్మా."

చెప్పాల్సిన మనిషి పొయ్యి ముందే ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా కొడుకు తల్లి వైపే చూస్తూ అన్నాడు.

"నీ నోటికేమైంది? అది వినపడనంత దూరంలో ఉందా?" అంది తల్లి.

"నువ్వు చెబితేనే బాగుంటుంది."

కోడలు వెనక్కి తిరగకుండా ఉప్పు డబ్బా తీసి అత్తగారి చేతిలో పెట్టింది. అత్తగారు దాన్ని కొడుక్కి అందించింది. అతను చిటికెడు వేసుకుని డబ్బా తల్లికి తిరిగిచ్చాడు. ఆమె దాన్ని మళ్ళీ కోడలికి చేరవేసింది.

"ముసలితనంలో నాకు పోస్టుమాన్ ఉద్యోగం వేయించారు. పింఛను కూడా ఇప్పిస్తారా?"

కొడుకు కంచంలోకే చూస్తూ ముద్ద కలుపుకున్నాడు.

సంఘం దుకాణంలో టమాటాలు రుచి చూసి ఓట్లేసిన రోజు నుంచి ఇంట్లో ఇదే వరస. మొదటి రోజు అరుపులు. ఆ తర్వాత అరవడానికి ఓపిక లేక మౌనం. అరుపులే నయమనిపించింది పెద్దావిడకి. అరిచేవాళ్ళు కనీసం ఎదురెదురుగా నిలబడతారు.

కొడుకు నిలబడే తింటున్నాడు. నిలబడి తినేవాళ్ళంటే ఆమెకి భయం. మొగుడు చివరిసారి ఆస్పత్రికి బయల్దేరిన పొద్దున అలాగే గోడకి ఆనుకుని రెండు ముద్దలు తిని, "వచ్చాక తింటాలే" అన్నాడు. వెళ్ళే మనిషి ఇంట్లో ఎలా నడుస్తాడో, గిన్నె ఎలా కింద పెడతాడో ఆమెకి కంఠతా వచ్చు.

"కూర్చోరా."

"పర్లేదమ్మా."

వసారాలో టమాటా ట్రేలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. తడి గోనెలు కప్పినా అడుగు ట్రేల్లో కాయలు చితికి, రసం గడప దాకా పాకింది. పొద్దున్నే ఆమె గుడ్డతో తుడిచింది. మళ్ళీ పాకింది. ఇల్లంతా పులిసిన వాసన.

"వాటినేం చేద్దామనిరా? మార్కెట్టుకి తోలరాదూ?"

"తోలితే? మందు కొట్టిన కాయల గుట్టలో కలిపి పారేస్తారు. పైగా వాటికున్న నిగారింపు వీటికేదీ అంటారు. మూడేళ్ళు ఎరువు మానేసి, పురుగుమందు మానేసి, పేడ మోసి మోసి నడుం విరగ్గొట్టుకుంది ఆ గుట్టలో కలపడానికా?"

"మరి?"

"కుళ్ళనీ." కంచం కడిగే చోట పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. "కోల్డ్ స్టోరేజీ వాళ్ళ వ్యాను సాయంత్రం ఈ వీధికొస్తుంది. సరేనంటే నన్ను ఎక్కించుకుపోతారు. వాళ్ళ లారీ మీద డ్రైవరుగా. సరుకెక్కడికి పోతే అక్కడికి."

పెద్దావిడ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. "పొలం?"

"కౌలుకి వాళ్ళే తీసుకుంటారు. మందులే కొట్టుకుంటారో, షెడ్లే వేసుకుంటారో వాళ్ళిష్టం."

పొయ్యి మీద గిన్నె ఠప్పున దిగింది. "అడగండత్తయ్యా" అంది కోడలు, ఇంకా అటే తిరిగి. "ఆ మట్టిలో మళ్ళీ వానపాములు కనపడ్డాయని పిల్లాడిలా గంతులేసిన మనిషి ఈయనేనా, అడగండి."

"చెప్పమ్మా. ఈయనే. మందు కొట్టొద్దు, మన సంఘం దుకాణానికి పండించండి, మనూరివాళ్ళు మన కాయ తింటారు అని వెంటపడి మరీ చెప్పిందెవరో కూడా అడుగు. తీరా కాయ తీసుకెళ్తే కాలవగట్టు ఆయన పళ్ళెంలో ఓటు గుండీ వేసిందెవరో అడుగు."

కోడలు గిన్నె మీద మూత పెట్టింది.

"నేను బయట నిలబడి ఉంటే కిటికీ దగ్గరికొచ్చి చూపించిందమ్మా నాకు. ఇత్తడి గుండీ. చూడండి, బంగారంలా ఉంది అని నవ్వింది కూడా. అంతా అయ్యాక లోపలికెళ్ళి చూస్తే అదే బంగారం కాలవగట్టు ఆయన పళ్ళెంలో మెరుస్తా ఉంది. ఒక్క గుండీ తేడాతో పోయింది దుకాణంలో నా అర. ఒక్కటి! అది ఇటు పడుంటే నేను గెలిచేవాణ్ణి."

"నువ్వు వేశావా లేదా అంటే ఇది నోరు మెదపదు" అంది తల్లి, తనలో తను అనుకుంటున్నట్టు.

"మెదపక్కర్లేదు. నిజాయితీ గల మనిషి. మొగుడి తోట కంటే సంఘం న్యాయం ముఖ్యం." అటక కింద బెంచీ మీద సంచీ ఉంది. అందులో అప్పటికే రెండు చొక్కాలున్నాయి. "నా తువ్వాలు ఎక్కడుందో చెప్పమనమ్మా."

"దండెం మీద" అంది కోడలు. ఆ పొద్దున ఆమె అతనితో సూటిగా అన్న మాట అదొక్కటే.

*

సంఘం దుకాణం ఒకప్పుడు సైకిళ్ళ రిపేరు షెడ్డు. గచ్చు మీద నూనె మరకలు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు గోడల వెంట చెక్క అరలు. ఒక్కో అర మీద పండించినవాళ్ళ పేరు రాసిన పలక. కొనేవాళ్ళు సీసాలూ సంచులూ ఇంటి నుంచే తెచ్చుకోవాలి. సభ్యులైన ఇంటివాళ్ళు వంతులవారీగా వచ్చి పని చెయ్యాలి. ఈ రోజు వంతు అత్తాకోడళ్ళది.

ముందు రోజుల్లో అందరి దగ్గరా అన్నీ తీసుకునేవాళ్ళు. సగం అమ్ముడుపోయేది, సగం కుళ్ళేది. అందుకే ఒక్కో పంటకి ఒక్కో కాలానికి ఒక్క తోటే అని కట్టుబాటు పెట్టుకున్నారు. ఏ తోటో తేల్చడానికి రుచి బల్ల. గిన్నెల్లో ముక్కలు కోసి పెడతారు. గిన్నె అంచుకి రంగు దారం. ఏ దారం ఎవరిదో లెక్కల మాస్టారికి తప్ప తెలియదు. పండించినవాళ్ళు బయట నిలబడాలి. మిగతావాళ్ళు రుచి చూసి, నచ్చిన గిన్నె ముందున్న పళ్ళెంలో తమ వంతు గుండీ వెయ్యాలి. బంధుత్వాలు నాలుక మీదికి రాకూడదని మాస్టారు పెట్టిన పద్ధతి అది.

పెద్దావిడ స్టూలు మీద కూర్చుని ఉల్లిపాయల పొట్టు వలుస్తోంది. మెత్తబడినవి ఒక బుట్టలో, గట్టివి ఒక బుట్టలో. కోడలు లోపలి గదిలో నూనె డబ్బాలు సర్దుతోంది.

లెక్కల మాస్టారు చిన్న నిచ్చెన ఎక్కి ఖాళీ అర మీద కొడుకు పలక విప్పుతున్నాడు. మేకు బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాదు.

"రానంటోంది చూడండి" అన్నాడు ఇబ్బందిగా, పెద్దావిడ చూస్తోందని గ్రహించి. "పలకకి కూడా మీవాడి పొగరొచ్చిందేమో, అక్కగారూ. నా క్లాసులోనూ వాడు అంతే. తప్పు లెక్క చేసినా చెరిపేవాడు కాదు."

"చెరపమంటే కాయితం చింపేవాడు" అందామె.

"అదే, అదే."

పలక ఊడొచ్చింది. మాస్టారు దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గోడవైపు తిప్పి మూలన ఆనించాడు. కాలవగట్టు ఆయన పలక అక్కడికెక్కింది. కాయలు అప్పటికే వచ్చేశాయి. పలచటి తోలు, నిండుగా ఎరుపు. ఆయన తోట కాలవ మొదట్లో ఉంది. తమది చివర. ఈ ఏడు చివరిదాకా నీళ్ళొచ్చింది తక్కువ.

"ఒక మాట చెప్పనా అక్కగారూ? మీ కోడలు చేసిన పనికి నేను దండం పెట్టాలి. సొంత మొగుడి పంట అని తెలిసి కూడా..."

"తెలియకూడదనే కదా దారాలు కట్టావు?"

"రోజూ వండే మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసీ న్యాయంగా వేసింది. సంఘం నిలబడేది అలాంటివాళ్ళ వల్లే."

లోపలి గదిలో డబ్బా ఏదో కిందపడ్డ చప్పుడైంది.

అప్పుడే టైలరమ్మ గుడ్డ సంచుల కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. ముక్కలు ముక్కలుగా మిగిలిన గుడ్డల్తో కుట్టిన సంచులు, ఒక్కోదానికి పది రంగులు. దించగానే చెయ్యి నడుముకి ఆనించి మాస్టారి మీద పడింది.

"దండాలు తర్వాత పెడుదురుగాని మాస్టారూ, ముందు నా గుండీలు నాకివ్వండి. అమ్మాయిల చొక్కాలకి గుండీల్లేక పిన్నీసులు పెట్టి పంపుతున్నా."

"ఇస్తానమ్మా, ఇస్తాను. అన్నీ ఒకే రకం తెమ్మంటే పెళ్ళిచూపులకొచ్చినట్టు ఒక్కోటి ఒక్కో రకం తెచ్చావు. అందుకే కదా ఎవరు ఎక్కడ వేశారో బయటపడింది, ఇంత గొడవైంది."

"నా డబ్బాలో ఒకే రకం ఎక్కడుంటాయి? పోయినసారి శనగగింజలు పంచితే ఈ గొడవే లేకపోయింది. ఓటు వెయ్యకుండా నవిలేసిందెవరు?"

"పరధ్యానంలో..."

"పరధ్యానంలో నాలుగు నవిలారు." ఆమె పెద్దావిడ పక్కన కూలబడి ఒక ఉల్లిపాయ అందుకుంది. గొంతు తగ్గించింది. "పిన్నిగారూ, మీరు దిగులుపడకండి. వదిన అటేసినా మీరు మటుకు కొడుక్కే వేశారుగా. తల్లి తల్లే."

"నీకెలా తెలుసు?"

"నేనేగా పంచింది. మీ జుట్టుకి సరిపోతుందని మీకు ముత్యంలాంటి తెల్లది ఇచ్చా. అది మీ అబ్బాయి పళ్ళెంలో, పసుపు దారం గిన్నె ముందుంది. నా కళ్ళతో చూశా. అది చూసి నాకు ఏడుపొచ్చింది కూడా."

పెద్దావిడ చేతిలో ఉల్లిపాయ ఆగింది.

పసుపు దారం.

ఆమె పసుపు దారం గిన్నె ముందు వెయ్యలేదు. నీలం దారం గిన్నెలో ముక్క నోట్లో పెట్టుకోగానే తియ్యదనం గొంతు దాకా జారింది. ఇది మా వాడిదే, ఇంకెవరిదవుతుంది అనుకుంది. గుండీ వెయ్యబోతే చిన్నది, నున్నటిది, వేళ్ళ మధ్య నుంచి జారి బెంచీ కిందికి దొర్లిపోయింది. వంగలేకపోయింది. "నాది తీసుకోండత్తయ్యా, ఇది పెద్దది, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది" అని కోడలు తన చేతిలోది ఇచ్చి, తను వంగి జారినదాన్ని వెతుక్కుంది.

కోడలు ఇచ్చింది బరువుగా ఉంది. చల్లగా ఉంది. రంగు చూడలేదు. చూడాలని తోచలేదు.

"ఏంటి పిన్నిగారూ, కళ్ళు మండుతున్నాయా?"

"ఉల్లిపాయ కదా" అంది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "బాబూ, ఎవరైనా ఒకరికి వేద్దామనుకుని పొరపాటున ఇంకొకరికి వేస్తే? దాన్ని మార్చుకునే వీలుంటుందా?"

మాస్టారు కొత్త పలక వంకర సరిచేస్తూ అన్నాడు. "ఒకరికి వేద్దామనుకోవడమే పొరపాటు అక్కగారూ. నాలుకకి నచ్చినదానికి వెయ్యాలి. అలా వేస్తే అది ఎవరి పళ్ళెంలో పడ్డా సరైనదే. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే."

*

లోపలి గదిలో కిటికీ చిన్నది. నూనె డబ్బాల మధ్య కోడలు నేల మీద కూర్చుని సీసాలు తుడుస్తోంది. పెద్దావిడ తలుపు దగ్గరికి వేసింది.

"ఆ రోజు నా గుండీ కింద పడింది" అంది.

కోడలి చెయ్యి ఆగలేదు. "ఏ రోజు?"

"నా దగ్గర ఆటలాడకు."

సీసా పక్కన పెట్టింది కోడలు. ఇంకొకటి తీసుకోలేదు.

బయట టైలరమ్మ దేనికో నవ్వుతోంది. ఎవరో సీసాలో నూనె పోయించుకుంటున్న చప్పుడు.

"నీకు తెలుసుగా, ఏ గిన్నె ఎవరిదో?"

"పళ్ళ మధ్య తోలు పడగానే తెలిసింది. ఈ ఏడు మన కాయ తోలు మందం. నీళ్ళు చాలక."

"మరి నేను వేస్తుంటే చూస్తూ ఊరుకున్నావేం? మోచేత్తో ఒక్క పోటు పొడవచ్చుగా."

"నేను బెంచీ కింద నుంచి లేచేసరికే వేసేశారు. వేసి నా వైపు చూసి నవ్వారు." కోడలు చేతిలో గుడ్డ మడత పెట్టింది. "ఎంత సంతోషంగా నవ్వారంటే... ఏం చెప్పనత్తయ్యా అప్పుడు? మీ అబ్బాయిది అది కాదు, ఆ పుల్లటిది అని చెప్పనా?"

పెద్దావిడ డబ్బా మీద కూర్చుంది.

"అప్పుడు చెప్పలేదు సరే. ఇంటికొచ్చాక? వాడు నోటికొచ్చినట్టు తిడుతుంటే? నువ్వు రాయిలా నిలబడితే నేను కూడా... నేను కూడా నిన్ను ఎంత తిట్టుకున్నానో నీకు తెలుసా?"

"తెలుసు. మొన్న నాకు కూర తక్కువ వేశారు."

ఆ మాటకి పెద్దావిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ఏదీ పూర్తిగా రాలేదు.

"నా మీద కోపమైతే ఏముందండీ" అంది కోడలు. "తిడతారు, మానేస్తారు, ఎప్పటికో తగ్గుతుంది. మొగుడూ పెళ్ళాల కోపానికి అలవాటుపడ్డ ఇల్లే కదా మనది. కానీ ఆయన మొదటి కాయ కోసి ఎవరికి తెచ్చిస్తారు? నాకా? మీకే. మీరు తల ఊపితేగాని రెండో కాయ కొయ్యరు. ఆ నాలుకే ఇంకొకడి తోట బాగుందని చెప్పిందంటే, ఇంక ఆయన దేన్ని నమ్ముకుని విత్తనం వేస్తారు?"

"నేను అలా చెప్పలేదే. మనదనుకునే వేశాను."

"అదే ఇంకా కష్టం అత్తయ్యా."

పెద్దావిడ తల దించుకుంది. గచ్చు మీద పాత నూనె మరక చెరువు ఆకారంలో ఉంది.

"ఈ ఏడు మొదటి కాయ తెచ్చినప్పుడు ఏమన్నారు మీరు?" అంది కోడలు మెల్లగా.

"బాగుందన్నాను."

"బాగుందా?"

"ఎండనపడి వచ్చాడు. చొక్కా అంతా తడిసి ఉంది. కాయ తినేదాకా నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు." ఆగింది. "పుల్లగా ఉంది. పై కోతల్లో తీపెక్కుతుందిలే అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

"మనిద్దరిలో ఒక్కళ్ళయినా నోరు తెరిచి ఉంటే వాడు నీళ్ళకోసం కాలవ కమిటీ మీద పడేవాడేమో. మొదటే."

కోడలు లేచి అత్తగారి చెయ్యి పట్టుకుని లేపింది. "ఇంట్లో ఏమీ అనకండి. వెళ్తే వెళ్ళనీండి. నా మీద కోపంతో వెళ్ళినవారు నా మీద కోపం తగ్గితే వస్తారు."

"అలా వెళ్ళినవాళ్ళు వస్తారని నీకెవరు చెప్పారు?" అంది పెద్దావిడ. "నువ్వు చిన్నదానివి. కోపం తగ్గుతుంది. అప్పటికి దారి మర్చిపోతారు."

*

వాళ్ళు ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కొడుకు స్నానం చేసి, తల దువ్వుకుని, బెంచీ మీద సంచీ పక్కన కూర్చున్నాడు. అరుగు మీద కూర్చున్న పరాయివాడిలా ఉన్నాడు. చెప్పులు శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

"వ్యాను ఇంకా రాలేదు" అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

పెద్దావిడ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కోడలు వంటింటి గుమ్మంలో ఆగి, వద్దన్నట్టు తల ఊపింది. పెద్దావిడ ఆ వైపు చూడటం మానేసింది.

"ఆ ఇత్తడి గుండీ నేను వేశానురా."

కొడుకు కాసేపు తల్లిని చూసి నవ్వాడు. మంచి నవ్వు కాదు. "ఇదెవరు నేర్పారు? దారిలో ఇద్దరూ కలిసి కూర్చారా?"

"ఎవరూ నేర్పలేదు. నాది కింద పడితే నీ పెళ్ళాం తనది ఇచ్చింది. జారిపోయిన తెల్లది తీసుకుని అది నీ పళ్ళెంలో వేసింది. టైలరమ్మని అడుగు, తెల్లది ఎవరికిచ్చిందో."

"అబద్ధం ఆడటం నీకు రాదమ్మా. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా."

"అత్తయ్యా, ఊరుకోండి" అంది కోడలు గుమ్మంలోంచి. "నేనే వేశాను. అయిపోయిందేదో అయిపోయింది. ఆయన్ని వెళ్ళనీండి."

"చూశావా? ఒప్పుకుంది. కోడలి కాపురం నిలబెట్టడానికి నువ్వు..."

"నీ కాపురం గురించి కాదురా నా మాట!" ఆమె ఇంత గట్టిగా అరిచి చాలా కాలమైంది. గొంతు చీరుకుపోయింది. "బెంచీ కింద దొర్లింది. గోడవైపు కాలు దగ్గర ఆగింది. ఇది వంగితే దీని జడకి అక్కడి పాత మేకు పట్టుకుంది. జుట్టు తెగింది. ఆ రోజు సాయంత్రం జడ వేసుకోలేక కొప్పు పెట్టుకుంది. నువ్వే అడిగావుగా, కొత్తగా ఈ కొప్పేంటని!"

కొడుకు నవ్వు ఆగిపోయింది.

అతను భార్య వైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలోకి చూశాడు. కోడలు చెయ్యి తెలియకుండానే తల వెనక్కి వెళ్ళింది. ఆ ఒక్క కదలికతో అతనికి మిగతాదంతా అర్థమైంది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఆమె అత్తగారి వైపు చూసింది.

"నిన్నే అడుగుతున్నా. అమ్మ ద్వారా కాదు. నిన్నే."

"చెబితే మీరేమవుతారోనని" అంది.

వసారాలో ఏదో కాయ మెత్తగా చితికి జారింది. ముగ్గురూ విన్నారు.

"నాదనుకున్నావామ్మా?" అన్నాడు కొడుకు. గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే ఆమెని భయపెట్టింది.

"నీదే అనుకున్నాను నాన్నా. అంత బాగుంటే ఇంకెవరిదవుతుంది?"

"సరే. మరి నాది కూడా తిని ఉంటావుగా. పసుపు దారం గిన్నెలోది. ఎవరిదో తెలియకుండా తిన్నావు. ఎలా ఉంది?"

కోడలు గుమ్మం చెక్క పట్టుకుంది. వద్దు వద్దని కళ్ళతోనే బతిమాలింది.

పెద్దావిడ కొడుకు చేతుల వైపు చూసింది. గోళ్ళ చుట్టూ మట్టి స్నానం చేసినా పోలేదు. ఈ చేతులకి ఎన్నిసార్లు బాగుందని చెప్పింది. బాగున్నప్పుడూ చెప్పింది, బాగులేనప్పుడూ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ అతను వెంటనే పొలానికి వెళ్ళిపోయేవాడు, నవ్వుకుంటూ.

"పుల్లగా ఉందిరా" అంది. "తోలు గట్టిగా ఉంది. సగం ముక్క తిని తక్కింది అంచున పెట్టేశాను."

"మొదటి కాయ?"

"అదీ అంతే."

అతను తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత లేచాడు. సంచీ తీసుకోలేదు. చెప్పులు వేసుకోలేదు. వీధి వైపు కాకుండా పెరటి వైపు నడిచి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు కొట్టుకుంటూ ఉండిపోయింది.

"ఎందుకు చెప్పారు?" అంది కోడలు. ఏడవడం లేదు. అలిసిపోయిన గొంతు. "ఇన్నాళ్ళూ నేను మోసింది దేనికి?"

"నువ్వు మోస్తుంటే వాడు సంచీ సర్దుకున్నాడు కదమ్మా."

కోడలు పెరట్లోకి పరిగెత్తింది. వెంటనే తిరిగొచ్చింది.

"పార లేదు" అంది. "గోడకానించిన పార లేదు అత్తయ్యా."

"ఇవాళ మనకి నీళ్ళ వంతు ఉందా?"

"ఉంది. చీకటి పడ్డాక వదులుతారు. ఎంతొస్తాయో." కోడలు పెరటి వైపే చూస్తోంది. "నీళ్ళు కట్టడానికెళ్ళారో, మొక్కలన్నీ పీకెయ్యడానికెళ్ళారో..."

వీధిలో హారన్ మోగింది. ఒకసారి పొట్టిగా, తర్వాత పొడుగ్గా.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"నువ్వు పొలానికి వెళ్ళు" అంది పెద్దావిడ. "ఏమీ అనకు. దూరంగా నిలబడు. నిన్ను చూస్తే చాలు."

"మరి వ్యాను?"

"అది నేను చూసుకుంటా."

కోడలు కొంగు దోపుకుని పెరటి తలుపులోంచి బయటపడింది. పెద్దావిడ గోడ పట్టుకుని వసారా దాటింది. టమాటా రసం మీద కాలు జారబోతే ట్రేని పట్టుకుని నిలదొక్కుకుంది.

వ్యాను గేటు ముందు ఆగి ఉంది. తెల్లటిది, కొత్తది. లోపలి మనిషి ఇంజను ఆపలేదు. అద్దం దించి తల బయట పెట్టాడు.

"రెడీనా అమ్మా? ఏడీ ఆయన? ఇంకా ఇద్దర్ని ఎక్కించుకోవాలి."

ఆమె గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"రాడు బాబూ."

"రాడా? పొద్దున ఫోన్లో వస్తానన్నాడే. ఇవాళ కాదంటే మళ్ళీ పిలవరు. అది ఆయనకి తెలుసా? ఆయనే చెప్పమన్నాడా?"

పెరటి వైపు నుంచి గాలి వచ్చింది. దాంట్లో ఏ చప్పుడూ లేదు. నీళ్ళ చప్పుడు లేదు, పార చప్పుడు లేదు, మనిషి గొంతు లేదు.

"ఆఁ" అంది పెద్దావిడ. "వాడే చెప్పమన్నాడు."

అద్దం పైకెళ్ళింది. వ్యాను వెనక్కి మళ్ళడానికి వీధి ఇరుకై రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ కదిలింది. ఆమె గొళ్ళెం పట్టుకునే నిలబడింది. ఇప్పుడైనా పిలవచ్చు. చెయ్యెత్తితే చాలు, ఆగుతుంది.

మలుపు దగ్గర వ్యాను ఎర్ర దీపాలు ఒకసారి వెలిగి ఆరిపోయాయి. సరిగ్గా అప్పుడే వెనకాల పొలం వైపు నుంచి కోడలి గొంతు వినిపించింది. "అత్తయ్యా!" అని ఒక్క పిలుపు. ఎలాంటి పిలుపో ఇంత దూరానికి పోల్చుకోలేకపోయింది.